క్లోమం ఆపరేషన్‌లో అతుకులు ఎలా వేస్తారు, లీకులను ఎలా పట్టుకుంటారు: తరచుగా అడిగే ప్రశ్నలు

క్లోమానికి (పాంక్రియాస్‌కు) ఆపరేషన్ చేయాలని చెప్పగానే ఇంటివాళ్లు ముందుగా అడిగేది "గడ్డ మొత్తం వచ్చేస్తుందా డాక్టరు గారూ?" అని. అడగాల్సిన ప్రశ్నే. కానీ ఈ ఆపరేషన్‌లో గడ్డ తీయడం సగం పనే. తెగిపోయిన దారులను మళ్లీ పేగుకు కలపడం, ఆ అతుకులు మానేదాకా రోగిని కనిపెట్టుకుని ఉండటం మిగతా సగం. ఇబ్బందులు ఎక్కువగా వచ్చేది ఈ రెండో సగంలోనే. ఓపీలోనూ వార్డులోనూ పదేపదే విన్న ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. మీ రోగి విషయంలో చివరి మాట మాత్రం దగ్గరుండి చూస్తున్న డాక్టర్లదే.

క్లోమం చిన్న గ్రంథే కదా, ఆపరేషన్ అంత పెద్దది ఎందుకు?

చిన్నదే, సుమారు 15 సెంటీమీటర్లు ఉంటుంది. చిక్కంతా అది ఉన్న చోటుతోనే. కడుపు (జీర్ణాశయం) వెనకాల, వెన్నెముకకు ముందు అడ్డంగా పడుకుని ఉంటుంది. దాని తల భాగాన్ని చిన్నపేగు మొదటి భాగం, అంటే డ్యుయోడినమ్, కౌగిలించుకున్నట్టు చుట్టుకుని ఉంటుంది. కాలేయం నుంచి వచ్చే పిత్తనాళం ఆ తలలోంచే వెళ్తుంది. పేగులకు రక్తం తీసుకెళ్లే, తీసుకొచ్చే పెద్ద రక్తనాళాలు దాన్ని ఆనుకునే ఉంటాయి. తలకూ డ్యుయోడినమ్‌కూ రక్తం ఇచ్చే నాళాలు ఉమ్మడివి కాబట్టి ఒకదాన్ని ఉంచి ఇంకొకటి తీయడం మామూలుగా కుదరదు.

విపుల్స్ ఆపరేషన్ అంటే సరిగ్గా ఏమిటి?

క్లోమం తల, డ్యుయోడినమ్, పిత్తనాళం కింది భాగం, పిత్తాశయం, కొన్నిసార్లు కడుపు చివరి భాగం కలిపి ఒకే ముక్కగా తీసే ఆపరేషన్. బెర్లిన్‌లో వాల్టర్ కౌష్ 1909లోనే ఇలాంటిది చేశారు. న్యూయార్క్‌లో అలెన్ విపుల్ 1935లో తన అనుభవాన్ని ప్రచురించాక ఆయన పేరే నిలిచిపోయింది. మొదట్లో విపుల్ మిగిలిన క్లోమాన్ని పేగుకు కలపకుండా మూసేసేవారు. పేగుకు కలపడం తర్వాత స్థిరపడింది. కడుపు చివర ఉండే పైలోరస్ అనే ద్వారాన్ని ఉంచి చేసే పద్ధతిని 1978లో ట్రావెర్సో, లాంగ్‌మైర్ మళ్లీ వాడుకలోకి తెచ్చారు.

గడ్డ క్లోమం తోక వైపు ఉంటే తోకను మాత్రమే తీస్తారు. దాని సంగతి కింద విడిగా చెప్పాను.

తీసిన తర్వాత దారులను ఎలా కలుపుతారు?

తల తీసేశాక మూడు తెగిన చివరలు మిగులుతాయి: క్లోమం, పిత్తనాళం, కడుపు. చిన్నపేగులో జెజునమ్ అనే భాగాన్ని పైకి తెచ్చి, మూడింటినీ వరసగా దానికే కుడతారు. పేగు మొదట్లో క్లోమం. దానికి దాదాపు 10 సెంటీమీటర్ల దిగువన పిత్తనాళం. ఇంకా 40, 50 సెంటీమీటర్ల దిగువన కడుపు. ఈ వరస ఊరికే పెట్టింది కాదు. క్లోమరసం, పిత్తరసం పైనుంచి ప్రవహించి వచ్చి, దిగువన కడుపులోంచి దిగే ఆహారంతో కలవాలి. ఆహారం వెనక్కి తిరిగి పిత్తనాళంలోకి పోకూడదు.

ఈ మూడింటిలో పిత్తనాళం అతుకు, కడుపు అతుకు సాధారణంగా బాగానే మానతాయి. అందరి కళ్లూ ఉండేది క్లోమం అతుకు మీదే.

ఆ ఒక్క అతుకే ఎందుకంత టెన్షన్ పెడుతుంది?

మొదటి కారణం గ్రంథి మెత్తదనం. క్లోమం ఆరోగ్యంగా ఉంటే వెన్నలా ఉంటుంది. దారం ముడి కాస్త గట్టిగా బిగిస్తే కణజాలం కోసుకుపోతుంది, వదులుగా వేస్తే సందు మిగులుతుంది. ముడి వేసేటప్పుడు వేలి కొసకు తెలిసే ఆ తేడా పుస్తకంలో చదివితే రాదు. చాలాకాలం వాపుతో గట్టిపడిపోయిన క్లోమంలో అయితే కుట్టు చక్కగా నిలుస్తుంది. అంటే గ్రంథి ఎంత ఆరోగ్యంగా ఉంటే అతుకుకు అంత ప్రమాదం. ఈ మాట చెప్తే ఇంటివాళ్లు ఆశ్చర్యపోతారు, కానీ నిజం అదే.

రెండోది నాళం సైజు. క్లోమం మధ్యలో పోయే నాళం 3 మిల్లీమీటర్లు, అంతకన్నా సన్నగా ఉంటే దాని నోటికి కుట్లు వేయడం చాలా కష్టం.

మూడోది ఆ రసం స్వభావం. ప్రొటీన్లను, కొవ్వును అరిగించే ఎంజైములు క్లోమరసంలో ఉంటాయి. గ్రంథిలో ఉన్నంతసేపు వాటిలో చాలావరకు నిద్రపోతున్నట్టు ఉంటాయి. పేగు రసం తగలగానే మేల్కొంటాయి. అతుకు పక్కనుంచి ఈ రసం కారితే, ఆహారాన్ని అరిగించాల్సినది చుట్టూ ఉన్న కణజాలాన్ని, రక్తనాళం గోడను అరిగించడం మొదలుపెడుతుంది. ఈ ఆపరేషన్ తర్వాత వచ్చే ప్రాణాపాయాల్లో చాలావాటి మూలం ఇక్కడే ఉంది.

క్లోమాన్ని పేగుకు కుట్టడంలో ఎన్ని పద్ధతులున్నాయి?

చాలా ఉన్నాయి. ఒక పనికి ఇన్ని పద్ధతులు పుట్టాయంటేనే ఏ ఒక్కటీ పూర్తిగా నమ్మదగినది కాదని అర్థం చేసుకోవచ్చు. ముఖ్యమైనవి చెప్తాను.

నాళాన్ని పేగు లోపొరకు కలపడం: పేగులో చిన్న రంధ్రం చేసి, క్లోమనాళం నోటిని ఆ రంధ్రం అంచుకు సన్నని దారంతో కుడతారు. దాని చుట్టూ క్లోమం పైభాగాన్ని పేగు పైపొరకు ఇంకో వరస కుడతారు. నాళం వెడల్పుగా ఉంటే చాలా చక్కగా కుదురుతుంది.

లోపలికి దోపడం: క్లోమం తెగిన చివరను మొత్తంగా పేగు లోపలికి దోపి చుట్టూ కుడతారు. నాళం మరీ సన్నగా ఉండి, గ్రంథి మెత్తగా ఉన్నప్పుడు కొందరు సర్జన్లు దీనివైపు మొగ్గు చూపుతారు.

బ్లమ్‌గార్ట్ పద్ధతి: ఇందులోనూ నాళాన్ని లోపొరకే కలుపుతారు. తేడా బయటి వరసలో. కుట్టు క్లోమం ముందు నుంచి వెనక్కి పూర్తి మందంలోంచి దూరి, పేగు గోడను పట్టుకుని మళ్లీ ముందుకు వస్తుంది. ముడి పడేటప్పుడు ఆ ఒత్తిడి క్లోమం మీద కాకుండా, దానికి దిండులా అడ్డుపడిన పేగు గోడ మీద పడుతుంది. మెత్తటి గ్రంథి కోసుకుపోకుండా ఉండటానికి ఇది నిజంగా తెలివైన ఆలోచన.

పేగుకు బదులు కడుపుకు కలిపితే లీకు రాదంటారు, నిజమేనా?

కడుపు వెనక గోడ క్లోమానికి పక్కనే ఉంటుంది, మందంగా ఉంటుంది, రక్తప్రసారం బాగుంటుంది. అక్కడి ఆమ్లంలో ఎంజైములు మేల్కోవు. కాగితం మీద బాగానే ఉంది. జర్మనీలో అనేక ఆసుపత్రులు కలిసి చేసిన రెకోపాంక్ అనే పరిశీలన 2016లో వెలువడింది. కడుపుకు కలిపినవారిలో 20 శాతానికి, పేగుకు కలిపినవారిలో 22 శాతానికి చెప్పుకోదగ్గ లీకు వచ్చింది. అంటే తేడా లేనట్టే.

అందుకే "ఏ పద్ధతిలో చేస్తారు?" అన్న ప్రశ్న కంటే "మీరు ఎప్పుడూ చేసే పద్ధతి ఏది, దాంతో మీ దగ్గర లీకులు ఎంతమందికి వస్తున్నాయి?" అన్న ప్రశ్న మీకు ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. చేయి అలవాటుపడిన కుట్టే మంచి కుట్టు.

నాళంలో సన్నని గొట్టం పెడతారట, అది ఎందుకు?

అతుకు మానేదాకా రసం దాని మీద పడకుండా దారి మళ్లించడానికి. దాన్ని స్టెంట్ అంటారు. కొన్నిసార్లు లోపలే వదిలేస్తారు, అది తర్వాత మలంతో పాటు తనంతట తానే పోతుంది. కొన్నిసార్లు రెండో చివరను పేగు గోడ మీదుగా పొట్ట బయటికి తెచ్చి సంచికి కలుపుతారు. సన్నని నాళం ఉన్నవారిలో ఇలా బయటికి తెచ్చే పద్ధతి లీకులను తగ్గించినట్టు కొన్ని పరిశీలనల్లో కనిపించింది. ఇంటికెళ్లేటప్పుడు ఆ గొట్టం ఉంటే కంగారు పడకండి. ఎప్పుడు తీయాలో డాక్టరు చెప్తారు, అప్పటిదాకా లాగకుండా చూసుకోండి.

లీకు వచ్చిందని ఎలా తెలుస్తుంది?

ఆపరేషన్ చివర్లో అతుకు పక్కన డ్రెయిన్, అంటే లోపలి ద్రవాన్ని బయటి సంచిలోకి తెచ్చే గొట్టం, పెడతారు. ఆ ద్రవంలో ఎమైలేజ్ అనే ఎంజైము ఎంత ఉందో పరీక్షిస్తారు. మూడో రోజు లేదా ఆ తర్వాత అది రక్తంలో ఉండాల్సిన గరిష్ఠ స్థాయికి మూడు రెట్లు దాటితే క్లోమరసం కారుతోందని లెక్క. అంతర్జాతీయ సర్జన్ల బృందం 2005లో ఈ నిర్వచనం ఇచ్చింది, 2016లో దాన్ని సవరించింది. సవరించిన లెక్క ప్రకారం అంకె పెరిగి రోగి బాగానే ఉంటే దాన్ని ఫిస్టులా (రసం కారే అసహజ దారి) అనరు, జీవరసాయన లీకు అని మాత్రమే అంటారు. దాంతో చికిత్సలో మార్పు అవసరమైతే, ఉదాహరణకు డ్రెయిన్ మూడు వారాలకు మించి ఉంచాల్సి వస్తే, కొత్తగా సూదితో గొట్టం పెట్టాల్సి వస్తే, బి గ్రేడు. మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చినా, అవయవాలు దెబ్బతిన్నా సి గ్రేడు.

అంకెలు రాకముందే కళ్లకు తెలిసే సంగతులు కూడా ఉంటాయి. రౌండ్‌కి వెళ్లగానే నేను ముందు చూసేది డ్రెయిన్ సంచి. మొదటి రోజు ద్రవం పలచటి ఎరుపు. అది రోజురోజుకీ లేత పసుపు, నీళ్ల రంగులోకి తిరగాలి. బురదగా, బూడిద రంగులోకి మారితే లేదా వాసన వస్తే ఆ రోజు ఇక తేలిగ్గా తీసుకోను. నాడి వేగం పెరగడం, కొత్తగా జ్వరం, పొట్ట బిగుసుకోవడం, నిన్న లేచి నడిచిన మనిషి ఇవాళ మంచం దిగనని అనడం: వీటిలో ఏది కనిపించినా నర్సుకు చెప్పండి. "చిన్న విషయానికి పిలిచామేమో" అని మొహమాటపడకండి.

డ్రెయిన్ ఎన్ని రోజులు ఉంచుతారు? అసలు లేకుండా చేయకూడదా?

కొందరికి డ్రెయిన్ పెట్టి, కొందరికి పెట్టకుండా చేసి చూసిన ఒక అమెరికా పరిశీలనను మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. డ్రెయిన్ పెట్టినవారిలో మరణాలు 3 శాతం ఉంటే పెట్టనివారిలో 12 శాతానికి చేరాయి. 2014లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అలాగని వారాల తరబడి ఉంచడమూ మంచిది కాదు. గొట్టం వెంట సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. మొదటి రోజు ఎమైలేజ్ తక్కువగా ఉన్నవారికి మూడో రోజే తీసేస్తే ఇబ్బందులు తగ్గుతాయని ఇటలీ సర్జన్లు 2010లో చూపించారు. పక్క మంచం వారికి తీసేశారు, మాకు తీయలేదని బాధపడాల్సిన పని లేదు. ఎవరి లెక్క వారిదే.

లీకు రాకుండా మందులు లేవా?

క్లోమరసం ఊరడాన్ని తగ్గించే ఆక్ట్రియోటైడ్ చాలా ఏళ్లుగా వాడుకలో ఉంది. ఫలితాలు మాత్రం ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా వచ్చాయి. అదే కుటుంబానికి చెందిన పాసిరియోటైడ్‌ను న్యూయార్క్‌లో 300 మందిలో పరీక్షించారు. 2014లో వచ్చిన ఆ ఫలితాల్లో లీకు, దాని వల్ల వచ్చే చీముగడ్డలు వంటి ఇబ్బందులు కలిపి 21 శాతం నుంచి 9 శాతానికి తగ్గాయి. అయినా ప్రతిచోటా అదే ఫలితం రాలేదు. మందు మీదే భారం వేసి కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

లీకు వస్తే మళ్లీ పొట్ట తెరవాలా?

చాలామందికి అవసరం పడదు. డ్రెయిన్ ఉంచి, యాంటీబయాటిక్స్ ఇచ్చి, పోషణ ఆగకుండా చూస్తే క్రమంగా మూసుకుపోతుంది. ద్రవం ఒకచోట నిలిచిపోతే సీటీ స్కాన్‌లో చూస్తూ సూదితో గొట్టం పెడతారు. మళ్లీ తెరిచేది మిగతా దారులు పనిచేయనప్పుడే.

ఈ విషయంలో నన్ను బాగా కదిలించింది నెదర్లాండ్స్‌లో 17 ఆసుపత్రులు కలిసి చేసిన పోర్ష్ పరిశీలన. 2022లో ప్రచురించారు. అందులో కొత్త కుట్టూ లేదు, కొత్త మందూ లేదు. ఆపరేషన్ తర్వాత ప్రతి రోజూ రోగి పరిస్థితి, రక్తపరీక్ష, డ్రెయిన్ ద్రవం ఒక పద్ధతి ప్రకారం చూసి, ఎప్పుడు స్కాన్ తీయాలో, ఎప్పుడు యాంటీబయాటిక్ మొదలుపెట్టాలో, ఎప్పుడు డ్రెయిన్ తీయాలో ముందే రాసుకున్న నియమం ప్రకారం నడుచుకున్నారు. అంతే. రక్తస్రావం, అవయవాల వైఫల్యం, మరణం కలిపి 14 శాతం నుంచి 8 శాతానికి తగ్గాయి. మరణాలు ఒక్కటే చూస్తే 5 శాతం నుంచి 3 శాతానికి.

లీకును పూర్తిగా ఆపే కుట్టు ఇంకా ఎవరి చేతిలోనూ లేదు. వచ్చిన లీకును ఒక రోజు ముందు పట్టుకోవడం మాత్రం అందరి చేతిలోనూ ఉంది.

డ్రెయిన్‌లో కొంచెం రక్తం కనిపించి ఆగిపోయింది. ఫర్వాలేదా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

మొదటి 24 గంటల్లో వచ్చే రక్తం సాధారణంగా ఆపరేషన్ చేసిన చోట ఏదో చిన్న నాళం నుంచి వస్తుంది. కానీ కొన్ని రోజుల తర్వాత, ముఖ్యంగా లీకు ఉన్న మనిషిలో, డ్రెయిన్‌లో గానీ ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టంలో గానీ మలంలో గానీ వాంతిలో గానీ కొద్దిపాటి ఎర్రటి రక్తం కనిపించి దానంతట అదే ఆగిపోతే, అది ఆగిపోయినట్టు కాదు. క్లోమరసం తగిలి, ఆపరేషన్‌లో ముడివేసిన రక్తనాళం చివర గోడ పలచబడి బుడగలా ఉబ్బి ఉండవచ్చు. ఆ చిన్న రక్తం పెద్ద రక్తస్రావానికి ముందస్తు హెచ్చరిక. కొన్ని గంటల తర్వాతో, ఒకటి రెండు రోజుల తర్వాతో అది ఒక్కసారిగా పగలవచ్చు.

కాబట్టి వెంటనే రక్తనాళాల సీటీ స్కాన్ తీయాలి. బుడగ కనిపిస్తే, చాలామందికి తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి చిన్న కాయిల్స్‌తో మూసేస్తారు, లేదా లోపల తొడుగున్న స్టెంట్ పెడతారు. కొందరు సర్జన్లు ఆపరేషన్‌లోనే కాలేయం పక్కనుండే పలచటి పొరను ఆ నాళం చివర చుట్టూ కప్పి వస్తారు, రసం నేరుగా తగలకుండా.

డిశ్చార్జి అయ్యాక ఇంట్లో ఇలాంటిది కనిపిస్తే మర్నాడు ఓపీకి వెళ్దామని ఆగకండి. ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లండి.

వారం దాటినా తినలేకపోతున్నారు, తిన్నది వాంతి అవుతోంది. అతుకు మూసుకుపోయిందా?

చాలాసార్లు కాదు. కడుపు కదలిక కొన్నాళ్లు మందగిస్తుంది. ముక్కు గొట్టం మూడు రోజులకు మించి అవసరమైనా, ఏడో రోజుకూ గట్టి ఆహారం దిగకపోయినా కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతోందని అంటారు. ముక్కు గొట్టం రెండు వారాలు దాటితే తీవ్రమైనదని లెక్క. విసుగు పుట్టించేదే గానీ సాధారణంగా తగ్గిపోతుంది. ఒక్కటి మాత్రం మరచిపోకూడదు. లోపల లీకో చీముగడ్డో ఉన్నా కడుపు ఇలాగే మొరాయిస్తుంది, అందుకే స్కాన్ తీసి చూస్తారు. ఈలోగా పోషణ గొట్టం ద్వారానో సెలైన్ దారిలోనో ఇస్తారు.

ఆపరేషన్‌కు ముందు మేము చేయగలిగింది ఏమైనా ఉందా?

ఉంది. పొగతాగడం ఆపేయాలి, కనీసం నాలుగు వారాల ముందు. బరువు బాగా తగ్గినవారు పోషణ పెంచుకోవాలి. రోజూ నడవాలి, ఊపిరి వ్యాయామాలు నేర్చుకోవాలి.

కామెర్లు ఉంటే ముందు పిత్తనాళంలో స్టెంట్ వేసి తగ్గించాకే ఆపరేషన్ చేయాలని చాలామంది అనుకుంటారు. అందరికీ అవసరం లేదు. 2010లో నెదర్లాండ్స్‌లో చేసిన పరిశీలనలో ముందు స్టెంట్ వేసినవారిలో 74 శాతానికి, నేరుగా ఆపరేషన్‌కు వెళ్లినవారిలో 39 శాతానికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి. జ్వరంతో పిత్తనాళాలకు ఇన్ఫెక్షన్ ఉన్నా, కామెర్లు తెచ్చే బిలిరుబిన్ రక్తంలో మరీ ఎక్కువున్నా, ముందు కీమోథెరపీ ఇవ్వాల్సి ఉన్నా స్టెంట్ కావాల్సిందే. ఆపరేషన్ సమయంలో ఇచ్చే యాంటీబయాటిక్ ఎంపికా ముఖ్యమే. పైపరసిలిన్-టాజోబ్యాక్టమ్ ఇచ్చినవారిలో గాయం ఇన్ఫెక్షన్లు తగ్గాయని 2023లో తేలింది.

ఆసుపత్రిని ఎలా ఎంచుకోవాలి?

ఏడాదికి ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేస్తున్నారో అడగండి. 2002లో వచ్చిన అమెరికా లెక్కల్లో, చాలా తక్కువగా చేసే ఆసుపత్రుల్లో మరణాలు 16.3 శాతం, చాలా ఎక్కువగా చేసేచోట 3.8 శాతం. ఇంత తేడా ఒక్క సర్జన్ చేతిది కాదు. అర్ధరాత్రి స్కాన్ తీసేవారు, రక్తనాళం మూయగలిగే రేడియాలజిస్టు, ఐసీయూ, డ్రెయిన్ రంగు మారితే గుర్తుపట్టే నర్సు, అందరిదీ. "రాత్రిపూట రక్తస్రావం అయితే ఇక్కడ ఎవరు చూస్తారు?" అని అడగడానికి వెనకాడకండి.

లాప్రోస్కోపీ, రోబో మంచివా?

తోక భాగం ఆపరేషన్‌కు లాప్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రాల గుండా చేసే పద్ధతి, బాగా కుదురుతుంది, కోలుకోవడం త్వరగా ఉంటుంది. విపుల్స్‌లో జాగ్రత్త కావాలి. లాప్రోస్కోపీ విపుల్స్ మీద జరిగిన లెపర్డ్-2 పరిశీలనను మరణాలు ఎక్కువవడంతో మధ్యలో ఆపేశారు, 2019లో ప్రచురించారు. బాగా శిక్షణ పొంది, తరచుగా చేసే బృందం దగ్గర రోబోతో చేయించుకోవడం వేరే సంగతి. గాయం చిన్నదా పెద్దదా అన్నది రెండో ప్రశ్నే.

తోక తీసేటప్పుడు పక్కనే ఉండే ప్లీహం (స్ప్లీన్) కూడా తీస్తారా?

కేన్సర్ అయితే సాధారణంగా తీస్తారు. ఇక్కడ పేగుకు అతుకు ఉండదు, తెగిన చివరను స్టేప్లర్‌తోనో కుట్టుతోనో మూసేస్తారు. రెండింట్లో లీకు రేటు దాదాపు ఒకటే. ప్లీహం తీస్తే న్యుమోకాకస్, మెనింజోకాకస్, హిబ్ అనే బ్యాక్టీరియాల నుంచి కాపాడే టీకాలు వేయించుకోవాలి. వీలైతే ఆపరేషన్‌కు రెండు వారాల ముందే. ఆ తర్వాత జీవితాంతం, జ్వరం వస్తే ఆ రోజే డాక్టరును కలవాలి.

ఇంటికి వచ్చాక ఏం చూసుకోవాలి?

మలం జిడ్డుగా, తేలుతూ, దుర్వాసనతో ఉంటే, తింటున్నా బరువు తగ్గుతుంటే ఎంజైములు చాలడం లేదని అర్థం. దీనికి ఎంజైము క్యాప్సూల్స్ ఉన్నాయి. సాధారణంగా భోజనానికి 40,000 నుంచి 50,000 యూనిట్లు, చిరుతిండికి 25,000 యూనిట్లతో మొదలుపెడతారు. చాలామంది చేసే పొరపాటు తిన్న తర్వాత వేసుకోవడం. మొదటి ముద్దతో ఒకటి, మధ్యలో ఇంకొకటి వేసుకుంటే ఆహారంతో కలిసి దిగుతాయి. "మందు పనిచేయడం లేదు" అని వచ్చినవారికి వేసుకునే వేళ మార్చితే సరిపోయిన సందర్భాలు నేను చాలా చూశాను.

షుగర్ కొత్తగా రావచ్చు, ఉన్నది పెరగవచ్చు. ఇన్సులిన్ వాడేవారిలో చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదమూ ఉంది కాబట్టి ఇంట్లో మీటరు ఉండాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్లు కేన్సర్ ఆపరేషన్ అయినవారికి తరచుగా నాలుగు వారాలు కొనసాగిస్తారు, మధ్యలో మానకండి. ఎ, డి, ఇ, కె విటమిన్లు అప్పుడప్పుడు పరీక్షించుకోవాలి.

ఇక నెలలు, ఏళ్లు గడిచాక కూడా చలితో వణికిస్తూ జ్వరం వచ్చి, కళ్లు పచ్చబడితే పిత్తనాళం అతుకు సన్నబడి ఇన్ఫెక్షన్ పాకిందేమో చూడాలి. అప్పుడు పారాసిటమాల్ వేసుకుని ఇంట్లో కూర్చోకుండా, పాత ఆపరేషన్ కాగితాలు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. లోపల దారులు ఎలా మారాయో ఆ కాగితాల్లోనే ఉంటుంది. కొత్త డాక్టరుకు అది తెలియకపోతే ఎండోస్కోపీ గొట్టం ఎటు పంపాలో కూడా అర్థం కాదు.